పులసలో అన్ని సన్నముళ్లు ఉండగా పండుగప్పలో ఎందుకు ఉండవు?

ప్రశ్న (రాజోలు నుంచి):
మా ఇంట్లో వరదల కాలంలో దొరికితే పులస, మిగిలిన రోజుల్లో చెరువు బొచ్చె, శీలావతి, అప్పుడప్పుడు పండుగప్ప వండుతాము. పండుగప్పలో నడిముల్లు, పక్కముళ్లు తీసేస్తే మిగిలేదంతా కండే. పులసలోనూ శీలావతిలోనూ మాత్రం వెన్నుతో సంబంధం లేనట్టుగా కండ మధ్యలో సన్నముళ్లు తగులుతూనే ఉంటాయి. అన్నీ ఎముక చేపలే కదా, ఈ తేడా ఎలా వచ్చింది? పిల్లలకు ఏ ముక్క పెట్టాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
చేప కండ పలుచని అడ్డపొరలతో విభజించబడి ఉంటుంది. ఉడికిన ముక్క రేకులుగా విడిపోయేది ఆ పొరల దగ్గరే. ఆ పొరల్లోని స్నాయువులు (కండను పట్టి ఉంచే గట్టి నారలు) నేరుగా గట్టిపడి ఎముకగా మారడం వల్ల సన్నముళ్లు ఏర్పడతాయి, కనుక అవి పక్కటెముకల ముక్కలు కావు. శీలావతి ముల్లును వేలి మీద పెట్టి చూస్తే, చాలా వాటికి ఒక కొన పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. పులస కవళ్ల కుటుంబానికి చెందినది; బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కార్ప్ కుటుంబానివి. 30,000కు పైగా జాతులున్న ఎముక చేపల వంశంలో ముందుగా విడిపోయిన ఈ శాఖల్లో ఆ ముళ్లు నిలిచిపోగా, తరువాత వచ్చిన పండుగప్ప, కొర్రమీను శాఖలో చాలావరకు పోయాయి. ముళ్లున్నాయని పులసను చిన్నచూపు చూసేవారు గోదావరి జిల్లాల్లో ఎలాగూ ఉండరనుకోండి.

సమాధానం 2:
సొరచేప కండతో చేసే సొరపుట్టులోనూ ముళ్ల బాధ ఉండదు, కానీ దానికి కారణం వేరు. సొర, టేకు (చదునుగా ఉండే రే చేప) ఎముక చేపలే కావు; వాటి అస్థిపంజరమంతా మృదులాస్థి. సొరకు తల పక్కన అయిదు నుంచి ఏడు మొప్ప చీలికలు బయటికి కనిపిస్తాయి, బొచ్చెకు ఒక్కో పక్క ఒకే మొప్పమూత ఉంటుంది. బొచ్చె పొట్ట కోసినప్పుడు నడుమ నొక్కినట్టుండే తెల్లని గాలితిత్తిని గమనించండి: దాని ముందు భాగం నుంచి చిన్న ఎముకల వరుస లోపలి చెవి వరకు సాగి, నీటిలోని చప్పుడును చేరవేస్తుంది. సొరకు ఆ తిత్తి లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయమే దానికి తేలిక నిస్తుంది. పొలుసులు లేవు కదా అని జెల్లను సొరతో కలపకూడదు, అది ఎముక చేపే, పైగా దానికీ ఆ చెవి ఎముకలున్నాయి.

సమాధానం 3:
ముక్కల సంగతి. శీలావతి, బొచ్చెల్లో పొట్ట వైపు కండలో ఉండేవి పక్కటెముకలే. అవి పెద్దవి, వంపుగా ఉంటాయి కనుక చేతికి సులువుగా దొరుకుతాయి. ఆ భాగంలో సన్నముళ్లు వెన్నుకు పైనున్న కండలోనే ఉంటాయి. తోక వైపు మాత్రం వెన్నుకు పైనా కిందా కూడా ఉంటాయి కాబట్టి తోక ముక్క పెద్దలకు వడ్డించి, పిల్లలకు పొట్ట ముక్క వేయండి. పులస పులుసును సన్నని సెగ మీద చాలాసేపు మరగనిస్తే చింతపండు పులుపుకు ముళ్లు కొంత మెత్తబడతాయి. అయినా మరీ చిన్నపిల్లలకు కొర్రమీనో పండుగప్పో పెట్టడం మంచిది.