పదకొండేళ్ళ సైటు అనుభవం ఉన్నవాడికి పీఎంపీ అవసరమా?

ప్రశ్న – వంతెనలవాడు

సివిల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ చేసి పదకొండేళ్ళుగా ఫ్లైఓవర్లు, రైల్వే ఓవర్‌బ్రిడ్జిల పనుల్లో ఉన్నాను. పైలింగ్ మొదలుకొని గర్డర్లు ఎక్కించే దాకా ఏ పనికి ఎంతమంది కావాలో, కాంక్రీటు బండి ప్లాంటు నుంచి ఎన్నింటికి బయలుదేరితే లారీల నిషేధ వేళలోపు సైటుకు చేరుతుందో కాగితం చూడకుండా చెప్పగలను. అయినా గత నెల ప్రాజెక్టు మేనేజరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళితే, పీఎంపీ (ప్రాజెక్టు నిర్వహణలో అమెరికా సంస్థ పీఎంఐ ఇచ్చే సర్టిఫికెట్) ఉందా అన్నదే మొదటి ప్రశ్న. లేదన్నాక మిగతా ప్రశ్నలు నామమాత్రంగానే సాగాయి. దుబాయ్, దోహాల నుంచి వచ్చే ప్రకటనల్లోనూ తరచుగా అదే షరతు కనిపిస్తోంది. మరోవైపు, ఆ సర్టిఫికెట్ ఉన్న ఒక మేనేజరు పైల్ క్యాప్‌కూ పియర్ క్యాప్‌కూ తేడా ఏమిటని మా ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచి అడగడం కళ్ళారా చూసినవాణ్ణి. శిక్షణకు, పరీక్షకు అయ్యే ఖర్చు నాకు చిన్నదేమీ కాదు. ఈ వయసులో దాని కోసం కూర్చుని చదవడం వల్ల పనిలో నిజంగా ఏమైనా మారుతుందా, లేక అది కేవలం గేటు దాటడానికి చూపించే చీటీయేనా?

జవాబు – గట్టుమీద

చీటీయే. 1964 డిసెంబరు తుపానుకు తమిళనాడులో రామేశ్వరం దారిలోని పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోయినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టిన ‘మెట్రో మ్యాన్’ శ్రీధరన్ గారు అప్పటికి రైల్వేలో చేరి పదేళ్ళే అయింది, అంటే దాదాపు మీ అంత అనుభవం. మూడు నెలల గడువిస్తే, సముద్రంలో పడిన గర్డర్లను సైతం వెలికితీయించి 46 రోజుల్లో ముగించారు. ఆయన చదివింది మన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలోనే. పీఎంపీ అనే పరీక్ష పుట్టింది 1984లో కాబట్టి ఆయన దగ్గర ఆ చీటీ ఉండే అవకాశమే లేదు. మీరు ఆ డబ్బు దాచుకోండి.

జవాబు – ప్లానింగ్ సెక్షన్

గట్టుమీద గారు చెప్పిన ఉదాహరణ గొప్పదే, కానీ అది వారి వాదానికి పూర్తిగా సహకరించదు. అదే శ్రీధరన్ గారు ఢిల్లీ మెట్రోలో గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలను అందరి కళ్ళముందు పెట్టించారు. పరీక్ష రాయకపోవచ్చు గానీ, పద్ధతి లేకుండా ఆయన పనిచేయలేదు.

వంతెనలవాడు గారూ, నేను మీలాగే తొమ్మిదేళ్ళు సైటులో ఉండి, 2022లో పీఎంపీ రాశాను. ముందుగా ఒక మాట: మీరు అనుభవాన్నీ సర్టిఫికెట్‌నూ ఎదురెదురుగా నిలబెట్టారు గానీ, ఆ పరీక్షకు దరఖాస్తు చేయాలంటేనే అనుభవం ఉండాలి. డిగ్రీ ఉన్నవారికి ప్రాజెక్టులు నడిపిన 36 నెలల అనుభవం, దానితోపాటు 35 గంటల శిక్షణ అడుగుతారు. కొన్ని దరఖాస్తులను ఆడిట్‌కు తీసి, మీరు రాసింది నిజమేనా అని పాత పై అధికారుల ధ్రువీకరణ కూడా కోరతారు. కాబట్టి మీరు చూసిన ఆ మేనేజరుకు అనుభవం లేదని కాదు, వంతెనల అనుభవం లేదు. ఆ అనుభవం ఏ రంగానిదో సర్టిఫికెట్ చెప్పదు, దానిలోని అసలు లోపం అదే.

ఇక పనిలో ఏమి మారిందంటే, నా సొంత కథ చెప్పాలి. నేను పరీక్ష రాయకముందు పనిచేసిన ఒక ఓవర్‌బ్రిడ్జికి అప్రోచ్ రోడ్డు భూమి ఆలస్యంగా చేతికొచ్చింది, హైటెన్షన్ లైను తరలింపు నెలల తరబడి సాగింది, డ్రాయింగులు రెండుసార్లు మారాయి. ఏ రోజు ఎందుకు పని ఆగిందో సైటులో వాచ్‌మన్‌కు కూడా తెలుసు. కానీ పనికి వచ్చిన ఆటంకాలను నమోదు చేసే హిండ్రెన్స్ రిజిస్టరులో ఐదు నెలల పేజీలు ఖాళీ. గడువు పొడిగింపు అడిగే రోజు వచ్చేసరికి, రాసిపెట్టిన ఆలస్యాన్నే శాఖ లెక్కలోకి తీసుకుంది, మిగిలిన రోజులకు జరిమానా పడింది. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి మరొకటుంది. మేము మా లేఖలన్నిటిలోనూ లైను తరలింపు గురించే గోల పెట్టాం. తర్వాత క్రిటికల్ పాత్ (ఏ పనులు ఆలస్యమైతే మొత్తం ముగింపు వెనక్కి పోతుందో తేల్చే లెక్క) నేర్చుకుని ఆ ప్రోగ్రామును మళ్ళీ గీసి చూసుకుంటే, లైను తరలింపుకు చాలినంత ఫ్లోటు, అంటే ఆలస్యమైనా మొత్తం గడువు జారని వెసులుబాటు, ఉంది, మొత్తం పని ముగింపును వెనక్కి నెట్టింది భూమి. అంటే నిజంగా నష్టం చేసినదాన్ని వదిలేసి, కంటికి కనిపించినదాని మీద కొట్లాడాం. పదకొండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళ అనుభవమున్న మా సీనియరుకు కూడా ఆ తేడా తట్టలేదు.

అలాగని ఇది గదిలో కూర్చున్నవారి విద్య కాదు. క్రిటికల్ పాత్ లెక్క 1950ల చివర్లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ రసాయన కర్మాగారాల నిర్మాణం, మరమ్మతుల అవసరాల్లోంచి పుట్టింది. పనివారి అనుభవమే పుస్తకానికెక్కి మళ్ళీ మన దగ్గరికి వచ్చింది.

అయితే ఒక హెచ్చరిక. నేను రాసినప్పుడు 230 నిమిషాల్లో 180 ప్రశ్నలుండేవి, వాటిలో సుమారు సగం ఎజైల్ (పనిని చిన్న విడతలుగా చేసి, సమీక్షించి మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (దాన్ని ముందస్తు ప్రణాళికతో కలపడం) పద్ధతుల మీదే. పియర్ కాంక్రీటు రెండు వారాలకోసారి సమీక్షించుకుని మార్చుకునే వస్తువు కాదు కాబట్టి, ఆ సగం నాకు పరీక్ష హాలు బయట పెద్దగా అక్కరకు రాలేదు. పైగా సర్టిఫికెట్ నిలబడాలంటే ప్రతి మూడేళ్ళకూ 60 పీడీయూలు (నేర్చుకోవడం కొనసాగించినందుకు వచ్చే పాయింట్లు) సంపాదించాలి.

జవాబు – కోడ్ నుంచి గాంట్‌కి

నేను సాఫ్ట్‌వేర్ వైపు మనిషిని. పై హెచ్చరిక మాకు తలకిందులుగా వర్తిస్తుంది: ఎజైల్ సగమే మాకు రోజూ పనికొచ్చేది. బ్రిటన్ సంస్థలకు పనిచేసేవారు అక్కడ పుట్టిన ప్రాజెక్టు నిర్వహణ సర్టిఫికెట్ ప్రిన్స్2 వైపు కూడా చూడవచ్చు. వంతెనలవాడు గారికి పీఎంఐ వారిదే అయిన క్యాప్మ్ (సీఏపీఎం) మాత్రం అనవసరం, అది అనుభవం అడగని పరీక్ష, కొత్తవారి కోసం పెట్టినది.

గట్టుమీద

ప్లానింగ్ సెక్షన్ గారూ, హిండ్రెన్స్ రిజిస్టరు రాయడానికి అమెరికా సర్టిఫికెట్ దేనికండీ? మా పాత ఏఈ గారు ఏ పరీక్షా రాయకుండానే రోజూ సాయంత్రం రాసి, కాంట్రాక్టరు మనిషి చేత సంతకం పెట్టించేవారు.

ప్లానింగ్ సెక్షన్

అక్కరలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. మీకు అలాంటి ఏఈ గారు దొరికారు, నాకు దొరకలేదు. దొరకనివాడు ఫీజు కట్టి నేర్చుకున్నాడు.

వంతెనలవాడు

అందరికీ కృతజ్ఞతలు. ఇది చదివాక మా ప్రస్తుత సైటు రిజిస్టరు తెప్పించి చూశాను. చివరి నమోదు ఏడు వారాల కిందటిది, అదీ వర్షం గురించి. ఈ ప్రోగ్రాముకు ముందుగా నేనే క్రిటికల్ పాత్ గీసి చూస్తాను. అది కుదిరితే గల్ఫ్ ప్రయత్నాల కోసం వచ్చే ఏడాది పరీక్షకు దరఖాస్తు చేస్తాను. ప్లానింగ్ సెక్షన్ గారూ, ఒక సందేహం: నేను పనిచేసిన రెండు కంపెనీల్లో ఒకటి మూతపడింది. ఆడిట్ వస్తే ఆ నాలుగేళ్ళ అనుభవానికి అప్పటి నా పై అధికారి, ఇప్పుడు వేరే చోట ఉన్నా, సంతకం పెట్టవచ్చా?

ప్లానింగ్ సెక్షన్

మీ పనిని స్వయంగా చూసినవారైతే చాలు, వారు ఇప్పుడు ఎక్కడున్నా పరవాలేదు. కాకపోతే దరఖాస్తు పంపాక కాదు, పంపకముందే వారికి ఫోన్ చేసి మాట్లాడుకోండి.