కొత్తవారికి ముందు నేర్పవలసింది డబ్ల్యూగెట్టా, కర్లా?

సాయంత్రం_బ్యాచ్
అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర సాయంత్రం పూట లైనక్స్ ప్రాథమిక తరగతులు చెబుతున్నాను. ఇంటర్నెట్ నుంచి కమాండ్ లైన్ ద్వారా ఫైళ్లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి మా సిలబస్‌లో ఒకే ఒక గంట కేటాయించారు. ఆ గంటలో ఆ పని చేసే డబ్ల్యూగెట్, కర్ల్ అనే రెండు కమాండ్లూ చెప్పబోతే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని నా భయం. విద్యార్థుల్లో చాలామంది జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్నారు. ల్యాబ్‌లో ఉబుంటు లైనక్స్ ఉంది, వారి ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఉంది. ముందు ఏది నేర్పాలో కారణాలతో సహా చెప్పగలరు.

పాత_సర్వరు
సందేహం లేకుండా డబ్ల్యూగెట్. ఫైలు తెచ్చిపెట్టడమే పనిగా పుట్టిన సాధనం అది. క్రొయేషియాకు చెందిన హర్వోయె నిక్షిచ్ 1996లో దానిని లోకానికి ఇచ్చారు, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో భాగంగా నేటికీ నడుస్తోంది. అడ్రస్ ఒక్కటి ఇస్తే చాలు, రీడైరెక్ట్ ఉంటే, అంటే సర్వర్ వేరే అడ్రస్‌కు మళ్లిస్తే, దాని వెంట వెళ్లి, అసలు ఫైలును పట్టుకుని, మనం ఉన్న డైరెక్టరీలోనే, మనం ఇచ్చిన అడ్రస్‌లోని పేరుతో పెడుతుంది. మధ్యలో లైను తెగితే మనం చెప్పకుండానే 20 సార్ల వరకు ప్రయత్నిస్తుంది, అదీ ఆగిన చోటి నుంచే. ల్యాప్‌టాప్ మూసేసి మర్నాడు తెరిచినా మైనస్ సి అని ఇస్తే మిగిలిన భాగం మాత్రమే తెస్తుంది. రాత్రి ఎనిమిది దాటితే హాస్టల్ వైఫై ఎలా ఉంటుందో తెలిసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

కర్ల్‌కు అదే అడ్రస్ ఇచ్చి చూడండి. పేజీలోని హెచ్‌టీఎంఎల్ అంతా తెర మీద గుమ్మరిస్తుంది. ఫైలుగా దాచాలంటే మైనస్ క్యాపిటల్ ఓ, రీడైరెక్ట్ వెంట వెళ్లాలంటే మైనస్ క్యాపిటల్ ఎల్. రెండోది మరిచిపోతే జిప్ ఫైలు పేరుతో నాలుగు లైన్ల హెచ్‌టీఎంఎల్ మిగులుతుంది, దానిని విప్పబోతే ఇది జిప్ కాదని తిట్టు వస్తుంది. మొదటి రోజే ఇంత తికమక అవసరమా?

ఏపీఐ_మనిషి
పాత_సర్వరు గారి వాదన పాతికేళ్ల క్రితం సరిపోయేది. ఇప్పుడు ఆ పిల్లలు ఏ ఉద్యోగంలో చేరినా ముందుగా ఎదురయ్యేది ఫైలు కాదు, ఏపీఐ, అంటే ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే మార్గం. వివరాలు మోసే హెడర్ పంపాలి, మనమెవరో రుజువు చేసే టోకెన్ జతచేయాలి, ఫలితం చెప్పే స్టేటస్ కోడ్ చూడాలి. వీటన్నిటికీ గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా అందరూ రాసేది కర్ల్ కమాండే, ఏపీఐ డాక్యుమెంట్లలో ఉదాహరణలు కూడా ఎక్కువగా అందులోనే ఉంటాయి. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేసిన కర్ల్, దాని లైబ్రరీ లిబ్‌కర్ల్ ఇవాళ ఫోన్లలోనూ కార్లలోనూ ఉన్నాయి. మ్యాక్‌లో ముందునుంచీ ఉంది, విండోస్ 10లోనూ 2018 నుంచి ఉంది. డబ్ల్యూగెట్‌ను ఆ రెంటిలోనూ విడిగా తెచ్చుకోవాలి. ఇంటికి వెళ్లి సాధన చేయలేని కమాండ్‌ను ల్యాబ్‌లో నేర్పి ప్రయోజనం ఏమిటి?

ఇంకొక మాట. తెర మీద గుమ్మరిస్తుందన్నారు గానీ, అది జిప్ వంటి బైనరీ ఫైలు అయితే గుమ్మరించకుండా హెచ్చరించి ఆగిపోతుంది. ఇది వచ్చి కూడా చాలా కాలమైంది.

మియాపూర్_చివరిస్టేషన్
విండోస్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్ అనే కమాండ్ విండోలో కర్ల్ అన్నా డబ్ల్యూగెట్ అన్నా నిజంగా నడిచేది ఇన్‌వోక్ వెబ్‌రిక్వెస్ట్ అనే వేరే కమాండ్. మైనస్ క్యాపిటల్ ఓ ఇస్తే దానికి అర్థం కాదు. కర్ల్ డాట్ ఈఎక్స్ఈ అని పూర్తిగా రాయమని ముందే చెప్పకపోతే, సగం తరగతి మర్నాడు ఎర్ర అక్షరాల ఫొటోలు పట్టుకుని వస్తుంది.

నైట్‌షిఫ్ట్
కర్ల్‌ను పొగిడేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. సర్వర్ 404, అంటే అడిగింది లేదు, అని జవాబిస్తే కర్ల్ ఎగ్జిట్ కోడ్ 0, అంటే పని సక్రమంగా జరిగిందని, ఎందుకు ఇస్తుంది? నేను గతంలో పనిచేసిన కంపెనీలో, నేను చేరకముందే ఎవరో రాసిపెట్టిన స్క్రిప్ట్ ఒకటి ప్రతి రాత్రి కర్ల్‌తో ఒక సీఎస్‌వీ డేటా ఫైలు తెచ్చేది. ఒక రాత్రి అవతలివారు ఫైలు పేరు మార్చారు. వచ్చిన ఎర్రర్ పేజీ సీఎస్‌వీ పేరుతో భద్రంగా సేవ్ అయింది, ఎగ్జిట్ కోడ్ 0 కనుక తర్వాతి జాబ్ దానిని డేటాబేస్‌లోకి ఎక్కించింది. తెల్లవారాక నిలదీసింది స్క్రిప్ట్ రాసినవారిని కాదు, షిఫ్ట్‌లో ఉన్న నన్ను. ఆ ఏడాది నా హైక్ దానితోనే పోయింది. డబ్ల్యూగెట్ అయి ఉంటే ఎగ్జిట్ కోడ్ 8 వచ్చి జాబ్ అక్కడే ఆగేది.

ఏపీఐ_మనిషి
మీకు జరిగింది అన్యాయమే, కానీ అది కర్ల్ చేసిన అన్యాయం కాదు. మనం అడిగాము, సర్వర్ జవాబిచ్చింది, ఆ జవాబును కర్ల్ యథాతథంగా తెచ్చి ఇచ్చింది. రవాణా సక్రమంగా జరిగింది కాబట్టే 0. జవాబులో ఏముందో చూసుకోవడం స్క్రిప్ట్ రాసినవారి బాధ్యత. మైనస్ ఎఫ్ పెడితే ఎర్రర్ పేజీని సేవ్ చేయకుండా ఎగ్జిట్ కోడ్ 22 ఇచ్చి ఆగుతుంది. ఏపీఐలలో 404తో పాటు వచ్చే వివరణే మనకు కావలసిన సమాచారం, దానిని పారేసే సాధనం మాకు పనికిరాదు.

డబ్ల్యూగెట్ అంత పతివ్రత ఏమీ కాదు. మైనస్ క్యాపిటల్ ఓతో మీకు నచ్చిన పేరు ఇచ్చి, లేని అడ్రస్ మీదికి పంపండి. 404 వచ్చినా ఆ పేరుతో 0 బైట్ల ఫైలు మిగులుతుంది. ఫైలు ఉందా లేదా అని మాత్రమే చూసే స్క్రిప్ట్ దానితోనూ మోసపోతుంది.

నైట్‌షిఫ్ట్
0 బైట్ల ఫైలు డేటాబేస్‌లోకి చెత్తను ఎక్కించదు కదండీ. పైగా ఎగ్జిట్ కోడ్ 8 అప్పుడూ వస్తుంది.

పాత_సర్వరు
అసలు పాయింట్ అదే. కావాలంటే మైనస్ ఎఫ్, కావాలంటే మైనస్ క్యాపిటల్ ఎల్, కావాలంటే రిట్రై. ఈ ‘కావాలంటే’ల జాబితా పిల్లలకు మొదటి రోజు ఎలా తెలుస్తుంది? అదీగాక, ఒక సైటు మొత్తాన్ని లింకులతో సహా తెచ్చుకుని నెట్ లేకుండా చదువుకోవడం డబ్ల్యూగెట్‌లో ఒక్క కమాండ్ పని, కర్ల్‌కు ఆ విద్యే లేదు.

అచ్చుబొమ్మలు
దయచేసి ఆ విద్యను మొదటి తరగతిలో చెప్పకండి. నేను పాత తెలుగు పత్రికల స్కాన్లు ఉంచే చిన్న సైటు ఒకటి సొంత ఖర్చుతో నడుపుతున్నాను. ఎవరో ఒకరు సైటు మొత్తానికి డబ్ల్యూగెట్ పెట్టి పడుకుంటే నా నెల కోటా ఒక్క రాత్రిలో ఖాళీ అయి, మిగతా పాఠకులకు సైటు మూతపడుతుంది. రికర్సివ్‌గా, అంటే లింకుల వెంట వెళ్తూ, దించేటప్పుడు అది సైటులో ఏవి దించకూడదో చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీని గౌరవిస్తుంది నిజమే, కానీ ఆ మర్యాదను ఆపేసే ఆప్షన్ కూడా అందులోనే ఉంది. చెప్పక తప్పదనుకుంటే ఆగి ఆగి, నెమ్మదిగా దించే వెయిట్, లిమిట్ రేట్ అనే రెండు ఆప్షన్లు చెప్పిన తర్వాతే చెప్పండి.

కూకట్‌పల్లి_వై
ఆరియా2 అనే మరో డౌన్‌లోడ్ సాధనం ఒకటుందని ఎవరికీ గుర్తు లేనట్టుంది.

ఏపీఐ_మనిషి
లైను తెగితే డబ్ల్యూగెట్ కాపాడుతుందన్నారు. లైను తెగకుండా ఉత్తినే మూగబోతే? డేటా రాకుండా అది డిఫాల్ట్‌గా 900 సెకన్లు, అంటే పావుగంట ఎదురుచూస్తుంది. హాస్టల్ వైఫైలో ఎక్కువగా జరిగేది అదే. టైమౌట్ పెట్టుకోవాలి అంటారా, అదీ మీరు ఎగతాళి చేసిన ‘కావాలంటే’ల జాబితాలోదే.

పాత_సర్వరు
అద్దాల మేడలో లీజ్డ్ లైను మీద కూర్చుని హాస్టల్ వైఫై గురించి పాఠం చెప్పడం తేలిక. టైమౌట్ నా విద్యార్థులకు రెండో రోజు చెబుతాను. మొదటి రోజు వారికి ఫైలు చేతికి అందాలి. అందనివాడు మూడో రోజు తరగతికే రాడు. ఇది తరగతి గదిలో నిలబడినవారికి తెలుస్తుంది.

ఏపీఐ_మనిషి
అద్దాల మేడ మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. నేను ఎస్ఆర్ నగర్ హాస్టల్‌లో ఉండి, అమీర్‌పేటలోనే చదువుకున్నాను. మా సంస్థవారు అమ్మిన జిరాక్స్ నోట్సులో ప్రతి డబ్ల్యూగెట్ కమాండ్ చివరా ‘నో చెక్ సర్టిఫికెట్’ అని ఉండేది. అది ఎందుకని అడిగితే, పెడితే పనిచేస్తుంది, రాసుకోండి అన్నారు. అవతల ఉన్నది నిజంగా ఆ సర్వరేనా అని చూసే తనిఖీని అది ఆపేస్తుందని ఆ తరగతిలో ఒక్కరికీ చెప్పలేదు. అదే నోట్సు పట్టుకుని మా బ్యాచ్ అంతా ఉద్యోగాలకు వెళ్లింది. ఫైలు అందింది కదా అంటూ పాఠం ముగించే పద్ధతి మీదే నా కోపమంతా. కర్ల్ మైనస్ వీ పెట్టి చూపిస్తే, మనం ఏమి అడిగామో, సర్వర్ ఏమి చెప్పిందో, సర్టిఫికెట్ ఎవరిదో తెర మీద ఒక్కొక్క లైనుగా కనబడుతుంది. నాకు అది ఎవరైనా మొదటి రోజే చూపించి ఉండవలసింది.

పాత_సర్వరు
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ తగవు ఆ నోట్సు రాసినవారితో, డబ్ల్యూగెట్‌తో కాదు. ఆ తనిఖీని ఆపే ఆప్షన్ కర్ల్‌లోనూ ఉంది, మైనస్ కె. అదే నోట్సు కర్ల్ మీద రాసి ఉంటే ప్రతి కమాండ్‌కూ మైనస్ కె ఉండేది. సర్వర్ పంపిన హెడర్లు చూడాలంటే డబ్ల్యూగెట్‌లో మైనస్ క్యాపిటల్ ఎస్ ఉంది, నేను చూపిస్తాను కూడా. అయితే ఫైలు వచ్చిన తర్వాత చూపిస్తాను. చేతిలో పని పూర్తయితేనే మనిషికి లోపల ఏమి జరిగిందో తెలుసుకోవాలనే కోరిక పుడుతుంది.

ఏపీఐ_మనిషి
పని పూర్తయ్యాక చాలామందికి ఆ కోరిక పుట్టదు, ల్యాప్‌టాప్ మూసి బిర్యానీకి వెళ్తారు. పని చెడినప్పుడే లోపలికి చూస్తారు. మన భేదం అక్కడే ఉంది, అది తీరేది కాదు.

సాయంత్రం_బ్యాచ్
ఇద్దరికీ కృతజ్ఞతలు. గంటలో ముప్పాతిక డబ్ల్యూగెట్‌కు ఇస్తాను. ఉబుంటు ఐఎస్ఓ, అంటే దాని ఇన్‌స్టాల్ ఫైలు, డౌన్‌లోడ్ మొదలుపెట్టించి, మధ్యలో నేనే వైఫై ఆపి, మైనస్ సితో కొనసాగింపజేసి, చివర ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తెలిపే ఎస్‌హెచ్ఏ256 సమ్ సరిచూపిస్తాను. మిగిలిన పావుగంటలో కావాలనే తప్పు అడ్రస్ ఒకటి ఇచ్చి, దానినే కర్ల్ మైనస్ వీతో చదివిస్తాను. సైటు మొత్తం దించడం ఈ బ్యాచ్‌కు చెప్పను. పవర్‌షెల్ హెచ్చరిక బోర్డు మీద రాస్తాను.

నైట్‌షిఫ్ట్
ఆ తప్పు అడ్రస్ మీద రెండూ నడిపించి, ఒక్కొక్కటి నడిచిన వెంటనే ఎగ్జిట్ కోడ్ చూపే ఎకో డాలర్ క్వశ్చన్ మార్క్ కొట్టించండి. ఒకదానికి 8, రెండోదానికి 0 వస్తాయి. ఏది అబద్ధమో పిల్లలే చెబుతారు.

ఏపీఐ_మనిషి
మైనస్ ఎఫ్‌తో మరొకసారి కొట్టించండి, 22 వస్తుంది. ఆ 0 అబద్ధం కాదు.

నైట్‌షిఫ్ట్
అబద్ధమే.