చీమకుర్తి క్వారీలో ర్యాలీ కారు: అన్రియల్ ప్రోమోలో చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి

ఒంగోలు_ఫ్రేమ్స్:
ఆటోక్రాస్ పోటీకి 60 సెకన్ల యానిమేషన్ ప్రోమో ఇది. అన్రియల్ ఇంజిన్ 5 (3డీ గేములు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్), సెకనుకు 30 ఫ్రేములు, లొకేషన్ చీమకుర్తి గెలాక్సీ (బంగారు చుక్కల నల్ల గ్రానైట్) క్వారీ. కేయాస్ వెహికల్‌ను (అన్రియల్‌లో భౌతిక సూత్రాలతో నడిచే కారు) గేమ్‌ప్యాడ్‌తో నడిపి, ఆ కదలికను టేక్ రికార్డర్‌లో ఎక్కించాం. ఆడించేటప్పుడు బాగానే ఉంటుంది, రెండర్‌లో మాత్రం చక్రాలు వెనక్కి తిరుగుతున్నాయి, వేగానికి పడే మసక (బ్లర్) ముక్కలుముక్కలుగా పడుతోంది. దీన్ని సరిచేసేదెలా? 4కే రెండర్ పెడితే మధ్యలో గ్రాఫిక్స్ డ్రైవర్ పడిపోతోంది. గ్రాఫిక్స్ కార్డు మెమరీ 12 జీబీ.

పెన్నాగట్టు:
అన్నా, చక్రం సంగతి లెక్క వేస్తే తెలిసిపోద్ది. గంటకు 144 కి.మీ. అంటే సెకనుకు 40 మీటర్లు, ఫ్రేముకు 1.33 మీటర్లు. టైరు వ్యాసం 65 సెం.మీ. అయితే చుట్టుకొలత 2.04 మీటర్లు. అంటే ఫ్రేముకు చక్రం 235 డిగ్రీలు తిరగాలి. రికార్డయిన బోన్ (మోడల్ లోపలి ఎముక) యానిమేషన్ రెండు కీల (రికార్డయిన స్థానాల) మధ్య ఎప్పుడూ దగ్గరి దారే పడుతుంది. 180 దాటగానే ముందుకు 235 పోవడం మానేసి వెనక్కి 125 వస్తుంది. బ్లర్ చెడేదీ అక్కడే.

టేక్ రికార్డర్‌ను సెకనుకు 120 ఫ్రేములకు మార్చి మళ్లీ నడిపితే కీకి కీకి 59 డిగ్రీలే, దిక్కు తప్పదు. అంతకన్నా మేలైన పద్ధతి ఇంకొకటుంది. రికార్డులోంచి బాడీ, సస్పెన్షన్ కదలికలు ఉంచుకుని చక్రం తిప్పుడు తీసేయండి. కంట్రోల్ రిగ్‌లో (బోన్లను లెక్కలతో కదిపే అన్రియల్ సాధనం) కారు పోయిన దూరాన్ని టైరు వ్యాసార్ధంతో భాగిస్తే రేడియన్లలో కోణం వస్తుంది, అది చక్రానికి ఇవ్వండి. షాట్‌లో వేగం పెంచినా తగ్గించినా చక్రం నేలతోనే ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ మలుపులో మాత్రం వెనక చక్రాలు లాక్ కావాలి, అక్కడ చేత్తో కీలు పెట్టాల్సిందే.

ఆ తర్వాత మూవీ రెండర్ క్యూలో (అన్రియల్‌లో ఫ్రేములు రెండర్ చేసే చోటు) యాంటీ ఏలియాసింగ్ (అంచుల గరుకు తగ్గించే పద్ధతి) ఓవర్‌రైడ్ చేసి 'నన్' ఎంచుకోండి. స్పేషియల్ శాంపిళ్లు 1, టెంపోరల్ శాంపిళ్లు (ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో తీసి కలిపే చిత్రాలు) 32. 180 డిగ్రీల షట్టర్ (అంటే ఫ్రేములో సగం సేపు) తెరిచి ఉన్నంతసేపట్లో చక్రం 118 డిగ్రీలు తిరుగుతుంది. 8 శాంపిళ్లతో ఒక్కో మెట్టు 15 డిగ్రీలు, స్పోకులు విడివిడిగా కనపడతాయి. 32తో 4 డిగ్రీల లోపే, సాఫీగా కలిసిపోతుంది.

బెంచి_రాయి:
క్వారీని డ్రోన్ ఫొటోలతో 3డీ స్కాన్ చేస్తున్నారా, కంప్యూటర్‌లో చేత్తో కడుతున్నారా? స్కాన్ అయితే ముందు లీజుదారు అనుమతి తీసుకుని, బ్లాస్టింగ్ వేళలు కనుక్కోండి. డ్రోన్ ఎగరేసేముందు డిజిటల్ స్కైలో (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్) ఆ చోట ఎగరేయొచ్చో లేదో జోన్ చూసుకోండి. ఫొటోకీ ఫొటోకీ 80 శాతం ఓవర్‌ల్యాప్ ఉండాలి. వైర్ సా (రాయి కోసే తీగ రంపం) కోసిన గోడలు నున్నగా, ఒకేలాంటి గీతలతో ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఒక గోడను ఇంకో గోడ అనుకుంటుంది. అక్కడక్కడ సుద్దతో వేర్వేరు గుర్తులు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం టేపుతో కొలిచి ఉంచుకోండి. స్కేలు సరిచేసేది దానితోనే, అన్రియల్‌లో ఒక యూనిట్ ఒక సెంటీమీటరు. గుంతలో నిలిచిన నీళ్లు స్కాన్‌కు లొంగవు. మాస్క్ చేసి తర్వాత నీటి తలం పెట్టుకోవాలి. మబ్బు పట్టిన రోజు చూసుకుంటే బెంచీల (క్వారీలో తవ్విన మెట్ల) నీడలు టెక్స్చర్‌లో (మోడల్ మీద అతికే చిత్రంలో) అచ్చు పడవు.

స్కాన్ మెష్ (3డీ ఉపరితలం) మీదే కారు నడపొద్దు. రెండు మూడు సెంటీమీటర్ల గరుకుకే చక్రాలు ఎగిరెగిరి పడతాయి. దారి వరకు నునుపైన మెష్ విడిగా చేసి, కనపడకుండా దాచి, కొలిజన్ (చక్రాలు తాకే నేల) దానికే ఇవ్వండి. పైన నానైట్ (అన్రియల్‌లో సూక్ష్మ వివరాలు చూపే పద్ధతి) మెష్ కనిపిస్తే చాలు.

ఇంకో మాట. గెలాక్సీ రాయి నల్లగా ఉన్నా దాని పొడి బూడిద రంగులో ఉంటుంది. చక్రాల వెనక నల్ల దుమ్ము లేపితే మనవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు. బంగారు చుక్కలు కూడా పాలిష్ పట్టిన ముఖం మీదే బాగా మెరుస్తాయి, కోయని రాతికి ఆ తళుకు పెట్టకండి.

నెల్లూరు_రెండర్:
ప్రోమో పడేది ఎక్కడ? మైదానంలో ఎల్‌ఈడీ గోడ మీదైతే 4కే ఎందుకు? పీ3.9 ప్యానెల్ (పిక్సెళ్ల మధ్య దూరం 3.9 మి.మీ.) అర మీటరుకు 128 పిక్సెళ్లు. 6 మీటర్లు × 3 మీటర్ల గోడ మొత్తం 1536 × 768. 1080పీ చాలు, పిక్సెళ్లు నాలుగో వంతు, కార్డు మీద బరువూ తగ్గుతుంది. ముందు ప్యానెల్ వాళ్లను గోడ పిక్సెళ్లు అడగండి.

డ్రైవర్ పడిపోవడానికి: కార్డు 2 సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులుండే చోటు) ఆ గడువు పెంచే టీడీఆర్‌డిలే, టీడీఆర్‌డీడీఐడిలే రెండూ 60 చేసి రీస్టార్ట్ చేయండి. విలువ కొట్టేటప్పుడు డెసిమల్ ఎంచుకోవాలి, హెక్సాలో 60 అంటే 96 అవుతుంది. మెమరీ నిండి పడిపోతుంటే మాత్రం దీంతో పని జరగదు, టెక్స్చర్లు తగ్గించాల్సిందే.

నేరుగా వీడియో ఫైలు తీయకండి, ఈఎక్స్‌ఆర్ (ఒక్కో ఫ్రేముకు ఒక్కో చిత్రం ఫైలు) ఫ్రేములుగా తీయండి. 1800 ఫ్రేములు 1080పీలో కంప్రెషన్ లేకున్నా 30 జీబీ లోపే. కరెంటు పోతే ఆగిన ఫ్రేము నంబరు నుంచి ప్లేబ్యాక్ రేంజ్ ఇచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఒంగోలు_ఫ్రేమ్స్:
గోడ కొలతలు కనుక్కుంటాను. చక్రం కంట్రోల్ రిగ్‌తో సరిపోయింది. షాట్ మారగానే మొదటి ఫ్రేముల్లో దుమ్ము ఉండటం లేదు, అదెలా సరిచేయాలి?

పెన్నాగట్టు:
నయాగరా (అన్రియల్‌లో దుమ్ము, పొగ పుట్టించే సాధనం) ఆ కట్ దగ్గరే మొదలవుతోంది, అందుకే. కెమెరా కట్ సెక్షన్ మొదలును, కారు కదలిక మొదలును 60 ఫ్రేములు వెనక్కి లాగి, 'యూజ్ కెమెరా కట్ ఫర్ వార్మప్' టిక్ పెట్టండి. కారు కదలిక వెనక్కి లాగకపోతే దుమ్మంతా ఒకే చోట కుప్పగా లేస్తుంది.