ఇంటి డేటాకి నాలుగు డిస్కుల ఎన్‌క్లోజర్: రెయిడ్ పెట్టాలా, విడివిడిగా ఉంచాలా?

ప్రశ్న – మారతహళ్ళి, బెంగళూరు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉద్యోగం కోసం ఇక్కడే స్థిరపడ్డాం. మా ఆవిడ కూచిపూడి నేర్పిస్తుంది, పిల్లల ప్రోగ్రాములన్నీ వీడియో తీసి దాస్తుంది. దానికి తోడు మా నాన్నగారు చెప్పిన హరికథల క్యాసెట్లన్నీ ఈమధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించాం, ఆ క్యాసెట్లు ఇప్పటికే పాడైపోతున్నాయి కాబట్టి ఈ ఫైళ్ళు పోతే ఇక మళ్ళీ దొరకవు. అంతా కలిపి ఆరు టీబీ దాకా ఉంది, పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చెల్లాచెదురుగా. ఏది ఎందులో ఉందో వెతుక్కోవడమే ఒక పని. అందులో ఒక డిస్కు అప్పుడప్పుడు అసలు కనెక్ట్ కావట్లేదు, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. నాలుగు డిస్కులు పట్టే ఎన్‌క్లోజర్ (బయటి డబ్బా) కొని రెయిడ్ 5 (డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పెట్టేస్తే ఒకటి పోయినా డేటా ఉంటుందని ఆఫీసులో చెప్పారు. ఉన్న పోర్టబుల్ డిస్కులనే విప్పి అందులో వేసుకోవచ్చా? విండోస్ డెస్క్‌టాప్ ఒక్కటే వాడతాం.

జవాబు – జయనగర్

ఎన్‌క్లోజర్ సంగతి తర్వాత, ముందు ఆ కనెక్ట్ కాని డిస్కు చూడండి. కేబుల్ మార్చి, హబ్ లేకుండా నేరుగా కంప్యూటర్ వెనక పోర్టులో పెట్టండి. దొరికినప్పుడే అందులో ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ చేసేయండి, ముందు మళ్ళీ దొరకని ఫైళ్ళు, అంటే మీ నాన్నగారివి. విండోస్ రిపేర్ చేయమంటావా అని అడిగితే ఇప్పుడే ఒప్పుకోవద్దు, కాపీ అయ్యాక చూసుకోవచ్చు. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఆ డిస్కు ఆరోగ్యం చూడండి. పెండింగ్ సెక్టార్లు (డిస్కు చదవలేకపోతున్న భాగాలు) సున్నా కాకపోతే దాన్ని ఇక నమ్మొద్దు.

విప్పి వేసుకోవడం గురించి అయితే వద్దనే అంటాను. వెస్టర్న్ డిజిటల్ పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి లోపల ఎన్‌క్లోజర్‌కి తగిలించే సాటా కనెక్టరే ఉండదు, యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్కు బోర్డు మీదే ఉంటుంది. విప్పితే డబ్బా విరగడం తప్ప ఏమీ మిగలదు. వాటిని అలాగే బ్యాకప్‌కి వాడుకోండి.

ఇక రెయిడ్ 5. నాలుగు 4 టీబీ డిస్కులు పెడితే 12 టీబీ వస్తుంది, ఒక డిస్కు పోయినా నడుస్తుంది, అంతవరకు మీ ఆఫీసులో చెప్పింది నిజమే. కానీ అది ఒక్క డిస్కు పోవడం అనే ఒక్క ప్రమాదానికే మందు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ అయితే అన్నిట్లోనూ డిలీట్ అవుతుంది. వైరస్ వచ్చి ఫైళ్ళకి తాళం వేసినా అంతే. నాలుగు డిస్కులూ ఒకే డబ్బాలో ఒకే అడాప్టర్ మీద ఉంటాయి కాబట్టి పెద్ద వోల్టేజ్ వస్తే నాలుగూ ఒకేసారి పోవచ్చు. ఇంకోటి, ఇది ఎక్కువమంది పట్టించుకోరు: ఎన్‌క్లోజర్ లోపలి చిప్పే రెయిడ్ చేస్తుంటే, ఆ బోర్డు కాలిపోయిన రోజు డిస్కులన్నీ బాగానే ఉన్నా డేటా చదవడానికి మళ్ళీ అదే మోడల్ వెతుక్కోవాల్సి రావచ్చు. కొన్నేళ్ళ తర్వాత అది దుకాణాల్లో దొరుకుతుందన్న గ్యారంటీ ఏముంది?

అందుకే ఇంటికి నా సలహా ఒక్కటే. డిస్కు బతకడానికి ఎన్‌క్లోజర్ మీద ఆధారపడకూడదు. డిస్కుల్ని విడివిడిగా చూపించే రకం తీసుకోండి. రెండు 8 టీబీ డిస్కులు పెట్టి, ఒకదాంట్లో పని చేసుకుంటూ రెండోదానికి రోజూ రాత్రి ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో కాపీ పెట్టండి, అందులో వెర్షనింగ్ ఆన్ చేస్తే డిలీట్ అయిన ఫైళ్ళు కూడా పక్క ఫోల్డర్‌లో ఉంటాయి. మూడో కాపీ నెల్లూరులో. ఊరెళ్ళినప్పుడల్లా మార్చుకుంటూ ఉండండి. ఏ డిస్కునైనా తీసి మామూలు సాటా అడాప్టర్‌కి తగిలిస్తే ఫైళ్ళు కనబడాలి, మీకు కావాల్సింది అదే.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా థ్యాంక్స్. ఆ డిస్కు కేబుల్ మార్చాక దొరికింది, హరికథలు కాపీ అవుతున్నాయి. మరి రెండు డిస్కులే అయితే నాలుగు గదుల బాక్స్ ఎందుకు, రెండు గదులది చాలు కదా? 5 జీబీపీఎస్, 10 జీబీపీఎస్ అని రాస్తున్నారు, ఏది తీసుకోవాలి? కొందరు నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ బాక్స్) అంటున్నారు.

జవాబు – జయనగర్

కాపీ మొదలైందన్నారు, అది సంతోషం.

నాస్ మంచిదే, ఇంట్లో నలుగురూ ఫోన్లలో టీవీలో చూడాలంటే. మీరు ఒక్క డెస్క్‌టాప్ అన్నారు. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీకి కాస్త అటూఇటూగా వస్తుంది, అదే యూఎస్‌బీకి తగిలిస్తే డిస్కు తన పూర్తి వేగం ఇస్తుంది. పైగా నాస్ అంటే ఇంకో చిన్న కంప్యూటర్, దానికి అప్‌డేట్లూ పాస్‌వర్డులూ చూసుకోవాలి.

వేగం గురించి టెన్షన్ వద్దు. పెద్ద హార్డ్ డిస్కు ఒకటి సెకనుకి 200 నుంచి 250 ఎంబీ ఇస్తే గొప్ప, 5 జీబీపీఎస్ దారిలో అలాంటివి రెండు దాదాపు ఇబ్బంది లేకుండా వెళ్తాయి. 10 జీబీపీఎస్ పనికొచ్చేది ఎస్‌ఎస్‌డీలు పెట్టినప్పుడు, లేదా నాలుగూ ఒకేసారి పరిగెత్తాల్సినప్పుడు. ధరలో తేడా తక్కువైతే తీసుకోండి, లేకపోతే ఆ డబ్బు డిస్కు మీద పెట్టండి. యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డేటాని వేగంగా పంపే పద్ధతి) ఉందా లేదా అని మాత్రం తప్పకుండా చూడండి, చిన్న ఫైళ్ళు ఎక్కువున్నప్పుడు తేడా తెలుస్తుంది.

గదులు నాలుగుంటే మేలు, ఎందుకంటే వీడియోలు తగ్గేవి కావు, రెండేళ్ళకి ఇంకో జత పెడతారు. క్యూనాప్ టీఆర్-004 లాంటివాటిలో వెనకాల చిన్న స్విచ్‌లు ఉంటాయి, వాటితో రెయిడ్ అయినా పెట్టుకోవచ్చు, విడివిడిగా అయినా ఉంచుకోవచ్చు. అలాంటిది కొంటే ఖాళీ డిస్కులు ఉన్నప్పుడే ఇండివిడ్యువల్ మోడ్‌లో పెట్టి ఇక ముట్టుకోవద్దు, డేటా ఎక్కించాక మోడ్ మారిస్తే ఉన్నదంతా పోతుంది. రెయిడ్ అసలు లేని బాక్సులు ఇంకా చవక, మీకు అవి చాలు.

జవాబు – కె.ఆర్.పురం

ఒక మాట కలుపుతాను, కరెంటు గురించి. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. నాలుగు ఒకేసారి మొదలైతే 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు. అడాప్టర్ మీద రాసింది చదవండి, నాలుగు గదులకి 12 వోల్టులు 5 ఆంపియర్లు అని ఉంటే, డిస్కుల్ని ఒకదాని తర్వాత ఒకటి లేపే ఏర్పాటు లేకపోతే, వదిలేయండి. డిస్కు మధ్యలో మాయమై మళ్ళీ కనబడటం లాంటి గొడవలకి చాలాసార్లు ఇదే మూలం.

మా వైపు వానాకాలం వస్తే బెస్కాం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇంటి ఇన్వర్టర్ ఉందిలే అనుకోవద్దు, మామూలు ఇన్వర్టర్ మారేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు, రాస్తున్న ఫైలు సగంలో ఆగుతుంది. 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఒకటి పెట్టి కంప్యూటర్, బాక్స్ రెండూ దాని మీదే ఉంచండి, ఒకటి బయట ఉంటే ఉపయోగం లేదు. ప్లగ్గులో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, అద్దె ఇళ్ళలో చాలాచోట్ల పేరుకే మూడు పిన్నులు.

జవాబు – వేళచ్చేరి, చెన్నై

ఫ్యాన్ చూసి కొనండి. బెంగళూరులో చల్లగా ఉంటుంది కాబట్టి సర్దుకుపోతుందేమో, మా చెన్నై మే నెలలో ఫ్యాన్ లేని బాక్సులో డిస్కులు 50 డిగ్రీలు దాటేస్తాయి. 45 లోపు ఉంచుకోవడం మంచిది. చిన్న ఫ్యాన్ గీ పెడుతుంది, పెద్దది నెమ్మదిగా తిరిగి అదే గాలి ఇస్తుంది, పడకగదిలో పెట్టేవాళ్ళు ఇది ముఖ్యంగా చూసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

డిస్కులు ఎస్పీ రోడ్‌లో తీసుకుందామనుకుంటున్నా. ఏవి?

జవాబు – జయనగర్

ఎస్పీ రోడ్‌లో బేరం కుదురుతుంది, కానీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. డబ్బు ఇచ్చేముందు డిస్కు మీద సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి, వారంటీ ఇండియాకి వర్తిస్తుందో లేదో, ఎప్పటిదాకా ఉందో అక్కడే ఫోన్‌లో చూసుకోండి. వాడేసిన సీగేట్ డిస్కుల్లో నడిచిన గంటల లెక్క సున్నా చేసి కొత్తవిగా అమ్మిన సంగతి 2025 మొదట్లో జర్మనీలో బయటపడింది, అలాంటివి ఎక్కడైనా రావచ్చు.

రకం అడిగేటప్పుడు సీఎంఆర్ (ట్రాకులు విడివిడిగా ఉండే రకం) అని గట్టిగా చెప్పండి. ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఇంటి పెంకుల్లాగా, అందుకని ఒకచోట మార్చి రాయాలంటే పక్కవి కూడా తిరిగి రాయాలి, పెద్ద కాపీ పెట్టినప్పుడు మధ్యలో పాకుతుంది. సీగేట్ బార్రకుడా 8 టీబీ ఎస్‌ఎంఆర్, ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్. వెస్టర్న్ డిజిటల్‌లో రెడ్ ప్లస్ తీసుకోండి, ఉత్తి రెడ్ వద్దు. 2 నుంచి 6 టీబీ రెడ్ డిస్కులు ఎస్‌ఎంఆర్ అని 2020లో ఆ కంపెనీయే ఒప్పుకుంది, ఆ గొడవ తర్వాతే ప్లస్ అనే పేరు వచ్చింది. కుదిరితే రెండు డిస్కులూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొనకండి.

తెచ్చాక డేటా ఎక్కించే ముందు ఒకసారి డిస్కు మొత్తం నింపి చదివించండి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ చాలు. రోజున్నర పట్టినా పట్టనివ్వండి. 8 టీబీ డిస్కు విండోస్‌లో 7.27 అని చూపిస్తుంది, అది లెక్క పద్ధతిలో తేడా, కంగారు పడకండి. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్, పార్టిషన్ రకం జీపీటీ పెట్టుకోండి. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో ఫార్మాట్‌కి జర్నల్ (మార్పుల చిట్టా) ఉండదు, కరెంటు పోతే ఇబ్బంది.

చివరిగా, నాలుగైదు ఫైళ్ళు వేశాక ఆ డిస్కు బయటికి తీసి వేరే సాటా అడాప్టర్‌కి ఒకసారి తగిలించి చూడండి. కొన్ని బాక్సుల చిప్పులు సెక్టార్ సైజు మార్చి చూపిస్తాయి, అలాంటి దాంట్లో ఫార్మాట్ చేసిన డిస్కుని బయట పెడితే ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడుగుతుంది. చేయొద్దు, రద్దు చేసి ఆ బాక్స్‌ని దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.