వరి మడి ఆరబెట్టి కార్బన్ క్రెడిట్లు: సంతకం పెట్టొచ్చా?

సాగర్_ఎడమకాల్వ:
మిర్యాలగూడ దిక్కు మా ఊర్లె ఒక కంపెనీ మనుషులు తిరుగుతున్నరు. మడిల బెజ్జాల పైపు పాతి, నీళ్లు మట్టి కింద 15 సెంటీమీటర్లు దిగినంకనే మళ్ల పెట్టాలెనట. నిలవనీళ్లల్ల పుట్టే మీథేన్ తగ్గుతది, ఆ తగ్గింపును కార్బన్ క్రెడిట్లని పొగ ఇడిసే కంపెనీలకు అమ్మి మీకు వాటా ఇస్తమంటున్నరు. వాటా ఎంతనో కాయితంల లేదు. ఏమంటరు?

నల్లగొండ_అగ్రి:
సంతకం పెట్టుమంట నేను. పద్ధతి మంచిదే, పూత టైంల మాత్రం ఆరబెట్టొద్దు. నూరేండ్ల లెక్కన మీథేన్ భూమిని వేడి చేసుడు కార్బన్ డయాక్సైడ్ కంటె సుమారు 28 రెట్లు. ఇన్నేండ్లు రైతుకు సలహాలే ఇచ్చిన్రు, ఇప్పుడన్న పైసలిస్తమంటున్నరు.

పాలమూరు_బోరు:
అన్నా, కాల్వకింద వద్దంట నేను. వారబందీ (వంతులేసి నీళ్లిడుసుడు) పెట్టిన యాసంగిల మీ మడి ఎట్లనూ ఆరుతది. కాల్వ బందై ఆరిన దానికి క్రెడిట్ అంటే చెయ్యని పొదుపును అమ్ముడే. అది కొన్నోడు దాన్ని చూపెట్టి పొగ ఇడుస్తనే ఉంటడు. క్రెడిట్లకు ముద్రేసే వెరా సంస్థ 2024ల చైనాల 37 వరి ప్రాజెక్టులను కొట్టేసింది, ఊకెనే కాదు.
మా దిక్కు ముచ్చట వేరే. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. ఆటో స్టార్టర్ పెట్టి పండుకుంటే మోటరు దానంతట అదే నడుస్తది. నీళ్లు ఆదా చేస్తే రైతుకు రూపాయి మిగలదు, పైగా మడి ఆరితే గడ్డి లేస్తది, కలుపు కూలి మీద పడుతది. క్రెడిట్ పైసలతోని నిజంగ మారేది బోర్లకాడనే.

దామరచర్ల_వాసి:
ఈ మార్కెట్లను నమ్మి? 2017ల కరెంటు ప్రాజెక్టులకు అప్పులిచ్చే సర్కారు సంస్థ ఆర్‌ఈసీ, గ్రీన్ బాండ్లతోని (సోలార్ అసొంటి పనులకే వాడాల్సిన అప్పు పత్రాలు) 45 కోట్ల డాలర్లు తెచ్చి లండన్‌ల లిస్ట్ చేసింది. మా వీర్లపాలెం కాడి 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు ప్లాంటుకు అప్పిచ్చింది గూడ ఆర్‌ఈసీనే!

నల్లగొండ_అగ్రి:
గ్రీన్ బాండు పైసలు బొగ్గుకు వాడొద్దు, అది షరతు. రెండూ కలపకు.

దామరచర్ల_వాసి:
షరతు బాండుకే గని అప్పిచ్చేటోనికి లేదు గద. ఆ చేత్తో సోలార్, ఈ చేత్తో బొగ్గు. సంస్థ మొత్తం ఎవరికెంత అప్పిస్తున్నదో చూసినంకనే దానికి పైసలియ్యాలె.

కౌలు_రైతు:
మీ లొల్లి మీదే గని, పాస్‌బుక్ పట్టాదారు పేరు మీద ఉంటది. పైపు చూసేది, గడ్డి పీకేది నేను. పైసలు ఎవల ఖాతల పడుతయి?

పాలమూరు_బోరు:
అసలు అడగాల్సింది ఇదే. ఎవరు కొలుస్తరు, ధర పడిపోతే ఏంది, ఎన్నేండ్ల కట్టుబాటు, సాగుచేసేటోని పేరు ఉన్నదా లేదా. ఇవన్నీ తెలుగుల రాసియ్యమను.

సాగర్_ఎడమకాల్వ:
కౌలుదారు పేరు రాస్తరా అని ఫోన్‌ల అడిగిన. “మా ఫారంల ఆ గడి లేదు సార్” అన్నడు. గడి గీసుకొని రమ్మన్న.