షాపు ఖాళీ చేస్తుంటే 4,20,000 రిపేర్ల లిస్టు ఇచ్చారు. ఎంతవరకు మనం పెట్టుకోవాలి?

మగ్గంవర్క్_హిమాయత్‌నగర్:
నమస్తే అండీ. హిమాయత్‌నగర్‌లో మాకు మగ్గం వర్క్ బొటిక్ ఉంది. ముందు షాపు, వెనక హాల్లో కుట్టు మిషన్లు. 2017లో రిజిస్టర్ లీజు మీద తీసుకున్నాం. ఇంకో మూడు నెలల్లో గడువు అయిపోతుంది, నారాయణగూడ వైపు మారుతున్నాం. ఐదు లక్షల అడ్వాన్స్ ఓనర్ గారి దగ్గరుంది.

మొన్న వాళ్లబ్బాయి వచ్చి చూసి, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో లిస్టు పంపాడు. హాలంతా కొత్త టైల్స్ 1,65,000. లప్పం పెట్టి మొత్తం పెయింటింగ్ 95,000. బాత్రూమ్ గోడ చెమ్మకి 80,000. ముందున్న అద్దాలు తీసి మళ్లీ షటర్ పెట్టడానికి ఇంకో 80,000. పోగా మిగిలిన ఎనభై వేలకి చెక్కు ఇస్తారట!

మావల్ల ఏమీ పాడవలేదని అనను. మిషన్ల స్టాండ్లు బిగించిన చోట గోడవారన ఒక వరుస టైల్స్ పగుళ్లిచ్చాయి. స్టీమ్ ఇస్త్రీ బల్ల వెనక గోడకి పెయింట్ పొక్కి రాలింది. కానీ బాత్రూమ్ చెమ్మ పై వాటా పైపుది. ఆ వాటా కూడా వాళ్లదే. రెండేళ్ల కిందటే ఫోటోలు పంపితే "చూద్దాం లేమ్మా" అన్నారు. అద్దాల ఫ్రంట్‌కి అప్పట్లో ఓనర్ గారే సరేనని మెసేజ్ పెట్టారు. పాత షటర్ సెల్లార్‌లో పడి ఉంది. అగ్రిమెంట్‌లో "సహజమైన అరుగుదల మినహా, తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి" అని ఉంది. ఏం చేయమంటారు?

కోఠి_కుర్రాడు:
సింపుల్ అక్కా. ఈ మూడు నెలలూ అద్దె ఆపేయ్. అడ్వాన్స్‌లో కోసుకోమను. డబ్బు వాళ్ల చేతిలో ఉన్నంతసేపు నీ మాట ఎవరు వింటారు?

మడిగెల_పెద్దాయన:
ఆ పని మాత్రం చేయకమ్మా. చిక్కడపల్లిలో నాకూ మడిగెలున్నాయి, కాబట్టి నేను ఓనర్ల వైపు మనిషినే అనుకో. అద్దె ఆపిన రోజు నుంచి టైల్స్ సంగతి పక్కకి పోయి, నువ్వు బాకీదారువి అవుతావు. వాళ్లకి కావలసింది అదే.

ఇక లిస్టు. ఇన్నేళ్లు వాడిన షాపుకి పెయింట్ మొత్తం కిరాయిదారు వేయించడమేంటి? ఎవరూ ఉండకపోయినా ఆ రంగు ఈపాటికి వెలిసేదే. ఇస్త్రీ బల్ల గోడ ఒక్కటీ నీది, లప్పం పెట్టించి వేయించేయ్. టైల్స్ దగ్గర ఓనర్ బాధ కూడా ఉంది. 2017 నాటి డిజైన్ ఇప్పుడు దొరకదు, ఒక వరుస మారిస్తే అతుకు కనబడుతుంది, అందుకే హాలంతా అడుగుతున్నాడు. దానికి మధ్యేమార్గం: గోడవారన ఆ వరుస తీసేసి, నప్పే వేరే రంగు టైల్ బోర్డర్‌లా వేయించు. నేను ఒకరితో అలాగే చేయించుకున్నాను, బాగానే ఉంది. ఇంకోటి, తర్వాత ఎవరు వస్తున్నారో కనుక్కో. మొబైల్ షాపువాడో బ్యాంకువాడో అయితే వచ్చిన వారంలోనే ఫ్లోరింగ్ అంతా పీకి వాళ్లకి కావలసినట్టు వేసుకుంటారు. ఎలాగూ పీకేసే నేలకి నీ దగ్గర 1,65,000 తీసుకోవడం న్యాయం కాదు. నోరు తెరిచి అడుగు.

పని మాత్రం నీ మేస్త్రీతోనే, తాళాలు నీ దగ్గరుండగానే చేయించు. ఓనర్ ఎస్టిమేట్ ఎప్పుడూ కొంచెం బలిసే ఉంటుంది. నేనూ అలాగే రాస్తాను, అబద్ధమెందుకు.

వకీల్_సిటీసివిల్:
పెద్దాయన చెప్పింది చట్టానికి దగ్గరగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 చూడండి. అగ్రిమెంట్‌లో వేరే షరతు లేకపోతే అదే వర్తిస్తుంది. క్లాజు (ఎం) ప్రకారం మామూలు అరుగుదల పోను, స్వాధీనం చేసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. అంతకంటే కొత్తగా చేసివ్వాలని లేదు. మీ వల్ల జరిగిన డ్యామేజీకి ఓనర్ నోటీసిస్తే మూడు నెలల్లో బాగుచేయించాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి "ఫలానా పనులు మేమే చేయిస్తాం, మిగతావి మావి కావు" అని ఇప్పుడే రాతపూర్వకంగా జవాబివ్వండి.

క్లాజు (హెచ్) ఇంకా ముఖ్యం. మీరు బిగించినవి తీసుకెళ్లే హక్కు స్వాధీనం మీ చేతిలో ఉన్నంతవరకే, అదీ షాపుని పూర్వస్థితిలో వదిలితేనే. తాళాలిచ్చాక అద్దాలు, లైట్ల గురించి అడిగితే లాభం లేదు.

చెమ్మకి మీ రెండేళ్ల నాటి ఫోటోలే బలం. ఫోన్ మార్చినా ఆ చాట్ పోకుండా దాచండి. కోర్టు దాకా వెళ్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద నష్టం రుజువు చేయాల్సింది ఓనరే, వాట్సాప్ అంకెలు చాలవు. మూడు లక్షలు, ఆపైన విలువుండే వాణిజ్య వివాదాలకి 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం కింద, అత్యవసర ఉత్తర్వులు అవసరం లేనప్పుడు, ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ సంగతి జవాబులో ఒక్క లైను రాస్తే చాలు, చాలామంది ఓనర్లు అక్కడే దిగొస్తారు.

మగ్గంవర్క్_హిమాయత్‌నగర్:
థాంక్స్ అండీ, కాస్త టెన్షన్ తగ్గింది. తర్వాత వచ్చేది కళ్లజోళ్ల షాపట, వాచ్‌మన్ చెప్పాడు. మరి షటర్? అద్దాలకి సరేనన్నారు గానీ, వెళ్లేటప్పుడు ఉంచాలా తీయాలా అన్నది ఎక్కడా రాయలేదు.

మడిగెల_పెద్దాయన:
కళ్లజోళ్ల వాళ్లకి అద్దాల ఫ్రంటే కావాలమ్మా. వాళ్లతో నేరుగా మాట్లాడి, ఓనర్‌ని కూడా కలిపి, ఉన్నదున్నట్టు ఉంచేస్తే ఎంతిస్తారో అడుగు. కుదరకపోతే పాత షటర్‌కి తుప్పు గీకించి, స్ప్రింగులు చూపించి బిగించేయ్. ఎనభై వేలు కాదు, అందులో చాలా తక్కువలో అయిపోతుంది. చివరి రోజు ఓనర్‌తో కలిసి గదిగదీ తిరిగి, కరెంటు మీటర్ రీడింగుతో సహా కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అడ్వాన్స్ చెక్కు చేతికొచ్చాకే తాళాలివ్వు.