ఈకే డ్రాకోనిస్‌ను చూసి మన సూర్యుడి చిన్నతనం చెప్పొచ్చా?

వేగుచుక్క:
ఈకే డ్రాకోనిస్ సూర్యుడి లాంటి ఓ చిన్న వయసు నక్షత్రం. ఎక్కడ చదివినా అదంటే సూర్యుడి బాల్యమే అన్నట్టు రాస్తున్నారు. నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. మూడు రోజుల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది. సూర్యుడికి మధ్యరేఖ దగ్గర 25 రోజులు పడుతుంది. వేగంగా తిరిగితే అయస్కాంత క్షేత్రం బలపడుతుంది, మచ్చలూ జ్వాలలూ పెరుగుతాయి. అంతవరకు సరే. సూర్యుడూ అదే వేగంతో తిరిగాడనడానికి ఆధారమేది?

ధ్రువతార:
1972లో ఖగోళ శాస్త్రవేత్త స్కుమానిచ్ చూపించిన సూత్రం ఉంది కదండీ. వయసు నాలుగింతలైతే నక్షత్రం తిరిగే వేగం సగమవుతుంది. వెనక్కి లెక్కేస్తే 10 కోట్ల ఏళ్ల వయసులో సూర్యుడికి ఒక చుట్టుకు నాలుగు రోజుల్లోపే వస్తుంది. 2020 ఏప్రిల్‌లో ఈకే డ్రాకోనిస్ నుంచి ఎగిసిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు), సూర్యుడి మీద చూసిన అతి పెద్ద విస్ఫోటనానికి పది రెట్లకు పైగా బరువుంది. అలాంటి దెబ్బలు తొలినాళ్ల భూమికీ తగిలాయనే నేననుకుంటాను.

వేగుచుక్క:
ఆ సూత్రం అంత వెనక్కి పనిచేయదండీ. చలికాలం రాత్రి మేడ మీంచి కనిపించే కృత్తికలనే చూడండి. వాటిదీ దాదాపు ఈకే డ్రాకోనిస్ వయసే. అందులో సూర్యుడంత బరువున్నవి కొన్ని ఒక్క రోజులోపే తిరుగుతాయి, కొన్నిటికి నాలుగైదు రోజులు పడుతుంది. రోహిణికి వెనకాల ఉన్న హైడీస్ గుంపుకి 60 కోట్ల ఏళ్లు దాటాయి, అక్కడ అలాంటివన్నీ దాదాపు ఒకే వేగానికి వచ్చేశాయి. ఎంత వేగంగా తిరిగితే అయస్కాంత క్షేత్రమూ, నక్షత్రం నుంచి వీచే గాలీ కలిసి అంత గట్టిగా బ్రేకు వేస్తాయి మరి. ఇప్పటి వేగంలో బాల్యం ఆనవాలు మిగలదు.

సప్తర్షి:
సూర్యుడిలో మిగలకపోతే చంద్రుడి మట్టిలో వెతకొచ్చు. అపోలో యాత్రికులు తెచ్చిన నమూనాల్లో సోడియం, పొటాషియం భూమి మీదకంటే బాగా తక్కువ. సౌర తుఫానులు వాటిని ఎంత ఎగరగొట్టి ఉంటాయో లెక్కేసి, సూర్యుడు చిన్నతనంలో మెల్లగా తిరిగినవాడే అని 2019లో నాసా వారి గొడార్డ్ పరిశోధన కేంద్రం బృందం చెప్పింది.

ధ్రువతార:
చంద్రుడు పుట్టిందే పెద్ద గుద్దుకోలు వేడిలో అంటారు కదా. ఆ రెండూ అప్పుడే ఆవిరై ఉండొచ్చు.

వేగుచుక్క:
నిజమే, చంద్రుడి మట్టి ఒక్కటే తీర్పు చెప్పలేదు. అయిదు రోజులకో చుట్టు అనుకున్నా ఇప్పటికి అయిదింతల వేగం, కాబట్టి సూర్యుడు శాంతంగా ఉన్నాడని నేనూ అనను. కానీ ఒక్క నక్షత్రం మీద కొలిచిన అంకె తెచ్చి భూమికి ఇంత తగిలిందని రాసేయడం తప్పు. అంగారకుడి గాలి ఎంత పోయిందన్న లెక్కలు కూడా ఈ అంకెల మీదే ఆధారపడతాయి. కృత్తికల్లో మెల్లగా తిరిగేవాటినీ అంతే ఓపిగ్గా గమనించి, వేగంగా తిరిగితే ఎంత, మెల్లగా తిరిగితే ఎంత అని రెండు హద్దులూ పక్కపక్కన ఇవ్వాలి.